మంచి కొలెస్ట్రాల్: రిపోర్ట్‌లో అంకె వేరు, లోపల జరిగే పని వేరు

మావయ్య వైజాగ్ స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఏడాదికోసారి ద్వారకానగర్‌లో ఒక ల్యాబ్‌కి వెళ్లి హెల్త్ చెకప్ చేయించుకుంటాడు. ఈసారి రిపోర్ట్ తీసుకుని నేరుగా మా ఇంటికే వచ్చి, లిపిడ్ ప్రొఫైల్ ఉన్న పేజీ మడతపెట్టి నా చేతికిచ్చాడు. హెచ్‌డీఎల్ ఎదురుగా 36 అని నల్లగా అచ్చు పడి ఉంది, పక్కనే కిందికి చూసే బాణం. "మంచి కొలెస్ట్రాల్ తగ్గిపోనాదట్రా. ఇది పెరగాలంటే ఏటి తినాలి?" అన్నాడు.

అదే పేజీలో చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 128, రక్తంలో తిరిగే కొవ్వు, అంటే ట్రైగ్లిజరైడ్లు 210. ఎల్‌డీఎల్‌కి 130 దాకా నార్మల్ అని ఆ ల్యాబ్ వేసుకోవడం వల్ల దానికి బాణం లేదు. మావయ్య ఆ వరస వంక చూడనైనా లేదు.

పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచేవాళ్ల కబుర్లలోనూ ఇదే లెక్క: మంచిది ఎక్కువుండాలి, చెడ్డది తక్కువుండాలి. ఇందులో రెండో సగం గట్టి నిజం. మొదటి సగం మాత్రం గత ఇరవై ఏళ్లుగా శాస్త్రవేత్తల్ని, మందుల కంపెనీల్ని నానా తిప్పలు పెట్టింది. కణాల్లో పేరుకున్న కొలెస్ట్రాల్‌ని శరీరం బయటికి పంపే ఏర్పాటు ఒకటి నిజంగానే ఉంది. అది రక్తనాళాలను కాపాడుతుంది కూడా. కానీ ఆ పని ఎంత జరుగుతోందో హెచ్‌డీఎల్ అంకె చెప్పదు. ఎందుకు చెప్పదో తెలియాలంటే ఆ ఏర్పాటును కాస్త దగ్గర నుంచి చూడాలి.

కాల్చలేం, పారబోయాల్సిందే

అన్నంలోంచి వచ్చిన చక్కెరను ఒళ్లు కాల్చేస్తుంది. నూనెలోంచి వచ్చిన కొవ్వునూ కాల్చేస్తుంది. చివరికి మిగిలేది నీరు, బొగ్గుపులుసు వాయువు. కొలెస్ట్రాల్ దగ్గర ఈ పద్ధతి సాగదు. అది 27 కార్బన్ పరమాణువుల అణువు. వాటిలో 17 కలిసి నాలుగు వలయాలుగా బిగుసుకుని ఉంటాయి. ఆ వలయాల్ని విరగ్గొట్టే ఎంజైములు మనిషి కణాల్లో లేవు. క్షయ రోగం తెచ్చే బ్యాక్టీరియాకి ఉన్నాయి. అది మన కొలెస్ట్రాల్‌నే తిని మన ఒంట్లో బతకగలదు. మనకి మాత్రం ఆ విద్య అబ్బలేదు.

అలాగని కొలెస్ట్రాల్ లేకుండా బతకలేం. ప్రతి కణం పొరలోనూ అది ఉండాలి. కార్టిసాల్, ఈస్ట్రోజెన్, టెస్టోస్టెరాన్ దాంతోనే తయారవుతాయి. అందుకే బయటి నుంచి వచ్చినా రాకపోయినా ఒళ్లే రోజుకి దాదాపు ఒక గ్రాము తయారుచేసుకుంటుంది. తిండి ద్వారా వచ్చేది సాధారణంగా దాంట్లో మూడో వంతు ఉంటుంది. రొయ్యలు, గుడ్లు పూర్తిగా మానేసినవాళ్ల రిపోర్ట్‌లో కూడా కొలెస్ట్రాల్ ఎక్కువ కనిపించడంలో వింతేమీ లేదు.

కావలసినంత ఉంటే మేలు, మితిమీరితే కణానికే చేటు. కొలెస్ట్రాల్ విడిగా పేరుకుంటే కణం పొర బిర్రబిగుస్తుంది, స్ఫటికాలు కడతాయి, చివరికి కణం చస్తుంది. అందుకని కణాలు మిగులు కొలెస్ట్రాల్‌కి ఒక కొవ్వు ఆమ్లాన్ని తగిలించి, హాని చేయని రూపంలో చిన్న చిన్న బొట్లుగా దాచుకుంటాయి. అంతకన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇంకొకటి ఉంది. కొలెస్ట్రాల్‌ని మోసుకొచ్చే ఎల్‌డీఎల్ రేణువుల్ని కణం లోపలికి తీసుకునే గ్రాహకాలు పొర మీద ఉంటాయి. కడుపు నిండిన కణం వాటి సంఖ్యను తగ్గించేసుకుంటుంది. ఈ సంగతి కనిపెట్టినందుకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది.

ఈ క్రమశిక్షణ లేని కణం ఒకటుంది. దాని పేరు మాక్రోఫేజ్. మన ఒంట్లో చెత్త, చచ్చిన కణాలు, సూక్ష్మజీవులు ఏవి కనపడినా మింగేయడం దాని ఉద్యోగం.

ధమని లోపలి వైపు ఒకే ఒక్క కణం మందాన పొర ఉంటుంది. ఎల్‌డీఎల్ రేణువు 20 నుంచి 25 నానోమీటర్లు మాత్రమే కాబట్టి ఆ పొరను దాటి గోడలోకి చొరబడుతుంది. రక్తంలో ఎన్ని ఎక్కువ రేణువులుంటే, ఎన్ని ఎక్కువ ఏళ్లు ఉంటే, అంత ఎక్కువగా చొరబడతాయి. కొన్ని వెనక్కి వచ్చేస్తాయి. కొన్ని గోడలోని చక్కెర గొలుసుల ప్రోటీన్లకు అతుక్కుని అక్కడే ఉండిపోయి, ఆక్సీకరణ చెంది రూపం మారిపోతాయి. రూపం మారిన రేణువును మాక్రోఫేజ్ చెత్త కింద లెక్కగట్టి మింగుతుంది. అలా మింగడానికి అది వాడే గ్రాహకాలు వేరు. కడుపు నిండినా అవి తగ్గవు. మింగుతూనే పోతుంది. కొన్నాళ్లకి కణం నిండా కొవ్వు బొట్లే మిగిలి, మైక్రోస్కోప్‌లో నురగలా కనిపిస్తుంది. నురగ కణం అని పేరు అందుకే వచ్చింది. ఇవి గుంపుగా చేరితే ధమని గోడ మీద పసుపు పచ్చని చారలు పడతాయి. చారలు ముదిరి, లోపలి కణాలు చచ్చి, మీద నారపొర కట్టుకుంటే మనం వాడుకలో బ్లాక్ అనే పూడిక. ఇదంతా అరవై దాటాక మొదలయ్యేది కాదు. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలను కోసి చూసి 1953లో ఒక నివేదిక ఇచ్చారు. వాళ్ల సగటు వయసు 22. మూడొంతుల మందికి పైగా గుండె ధమనుల్లో అప్పటికే ఈ జబ్బు జాడలున్నాయి.

నురగ కణంలోంచి మలం దాకా

మింగడం ఆపలేని మాక్రోఫేజ్‌కి ప్రకృతి ఇచ్చిన ఒకే ఒక్క వెసులుబాటు, కక్కడం. లోపల కొలెస్ట్రాల్ పెరిగినప్పుడు దాంట్లో కొంత ఆక్సీకరణ చెంది ఆక్సిస్టెరాళ్లుగా మారుతుంది. కణ కేంద్రకంలో ఎల్ఎక్స్ఆర్ అనే ప్రోటీన్ ఈ ఆక్సిస్టెరాళ్లను పట్టుకుని, బయటికి తోసే ప్రోటీన్లు తయారుచేసే జన్యువుల్ని లేపుతుంది. వాటిలో ముఖ్యమైనవి ఏబీసీఏ1, ఏబీసీజీ1. రెండూ కణం పొరలో కూర్చుని, శక్తిని ఖర్చుపెట్టి, లోపలి కొలెస్ట్రాల్‌ని బయటి వైపుకి నెడతాయి.

నెట్టగానే సరిపోదు. కొలెస్ట్రాల్ నీళ్లలో కరగదు కాబట్టి అందుకునేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి. కాలేయం, చిన్నపేగు తయారుచేసి రక్తంలోకి వదిలే ఎపోఏ-1 అనే ప్రోటీన్ ఈ పనికి వస్తుంది. దాదాపు ఒట్టి ప్రోటీన్‌గా వచ్చి ఏబీసీఏ1 దగ్గర కొలెస్ట్రాల్‌ని, ఫాస్ఫోలిపిడ్లను అందుకుని ఒక చిన్న బిళ్లలా తయారవుతుంది. ఇదే పురిటి హెచ్‌డీఎల్. తర్వాత రక్తంలో తిరిగే ఎల్‌క్యాట్ అనే ఎంజైము ఆ కొలెస్ట్రాల్‌కి కొవ్వు ఆమ్లాన్ని తగిలిస్తుంది. అలా మారిన కొలెస్ట్రాల్ నీటికి ఇంకా దూరం, అందుకని బిళ్ల మధ్యలోకి జారిపోతుంది. లోపల సరుకు చేరేకొద్దీ బిళ్ల ఉబ్బి గుండ్రని రేణువవుతుంది, పైభాగం ఖాళీ అయి ఇంకాస్త కొలెస్ట్రాల్ ఎక్కడానికి చోటు దొరుకుతుంది. గుండ్రంగా మారిన రేణువుకి సరుకు అందించేది ఎక్కువగా ఏబీసీజీ1. రెండు ప్రోటీన్లూ ఇలా వంతులు పంచుకున్నాయి.

ఈ రేణువు కొలెస్ట్రాల్‌ని కాలేయానికి రెండు దారుల్లో చేరుస్తుంది. మొదటిది నేరుగా. కాలేయ కణాల మీద ఎస్ఆర్-బీఐ అనే గ్రాహకం ఉంది. అది రేణువును మింగదు. లోపలి కొలెస్ట్రాల్‌ని మాత్రం దించుకుని, రేణువును మళ్లీ రక్తంలోకి వదిలేస్తుంది. రెండో దారి చుట్టుదారి. సీఈటీపీ అనే ప్రోటీన్ హెచ్‌డీఎల్‌లోని కొలెస్ట్రాల్‌ని తీసి ఎల్‌డీఎల్ లాంటి రేణువులకు అప్పజెప్పి, బదులుగా ట్రైగ్లిజరైడ్లను తెచ్చి హెచ్‌డీఎల్‌లో పెడుతుంది. ఆ ఎల్‌డీఎల్‌ని కాలేయం గ్రాహకాలతో పట్టుకుంటుంది. అంటే మనం చెడ్డదని తిట్టే ఎల్‌డీఎల్ కూడా కాలేయానికి కొలెస్ట్రాల్ తిరిగి చేర్చే బండ్లలో ఒకటే, కాలేయం దాన్ని గబగబా పట్టుకోగలిగినంత కాలం. ఎలుకలకు సీఈటీపీ లేదు. ఎలుకల్లో అద్భుతంగా పనిచేసిన చాలా సంగతులు మనుషుల దగ్గరకొచ్చేసరికి తేలిపోవడానికి ఇదొక కారణం.

కాలేయం చేరిన కొలెస్ట్రాల్‌లో కొంత పైత్యరస ఆమ్లాలుగా మారుతుంది, రోజుకి అర గ్రాము చొప్పున. వలయాలు విరగవు గానీ చివర్లు మారి నీళ్లలో కలిసే గుణం వస్తుంది. ఇంకొంత కొలెస్ట్రాల్‌ని కాలేయం ఉన్నదున్నట్టుగా పైత్యరసంలోకి నెడుతుంది. ఈ పాళ్లు చెడితే పిత్తాశయంలో రాళ్లు. పైత్యరసం పేగులోకి దిగాక కథ అయిపోయిందనుకుంటాం కానీ, చిన్నపేగు చివరి భాగం పైత్యరస ఆమ్లాల్లో 95 శాతాన్ని మళ్లీ పీల్చుకుని కాలేయానికే పంపిస్తుంది. కొలెస్ట్రాల్‌లోనూ సగం దాకా వెనక్కి వెళ్తుంది. తప్పించుకున్నదే మలంతో బయటికి పోతుంది. ఒంట్లోంచి కొలెస్ట్రాల్ నిజంగా తగ్గేది ఆ కాస్తే.

ఇసబ్‌గోల్, ఓట్స్ లాంటి వాటిలోని జిగురు పీచు కొలెస్ట్రాల్‌ని కాస్త తగ్గించడం ఈ మలుపులోనే. పీచులో చిక్కుకున్న పైత్యరస ఆమ్లాలు తిరిగి వెళ్లలేవు. కొరత తీర్చుకోవడానికి కాలేయం కొత్తవి తయారుచేయాలి, దానికి కొలెస్ట్రాల్ కావాలి కాబట్టి రక్తంలోని ఎల్‌డీఎల్‌ని ఎక్కువగా లాక్కుంటుంది. ఎజెటిమైబ్ అనే మాత్ర పేగులో కొలెస్ట్రాల్ పీల్చుకునే ప్రోటీన్‌ని అడ్డుకుంటుంది.

కణం నుంచి కాలేయం మీదుగా బయటికి సాగే ఈ మొత్తం ప్రయాణానికి ఒక రూపం ఇచ్చినవాడు అమెరికన్ శాస్త్రవేత్త జాన్ గ్లామ్‌సెట్, 1968లో. ఇక 1977లో, అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ ఊరి జనం మీద ఏళ్ల తరబడి సాగిన అధ్యయనం నుంచి హెచ్‌డీఎల్ తక్కువ ఉన్నవాళ్లకి గుండెజబ్బు ఎక్కువ వస్తోందన్న లెక్క వచ్చింది. రెండూ కలిపి చూసేసరికి అందరికీ ఒకటే తోచింది: హెచ్‌డీఎల్ పెంచితే సరి.

పెంచి చూశారు

పెంచడానికి సీఈటీపీని ఆపేస్తే చాలు. హెచ్‌డీఎల్‌లోంచి కొలెస్ట్రాల్ బయటికి పోదు, అంకె జివ్వున లేస్తుంది. ఫైజర్ కంపెనీ టార్సెట్రాపిబ్ అనే మందుతో 15 వేల మంది మీద ప్రయోగం చేసింది. హెచ్‌డీఎల్ 72 శాతం పెరిగింది, ఎల్‌డీఎల్ 25 శాతం తగ్గింది. కాగితం మీద ఇంతకన్నా మంచి మందు ఉండదు. 2006 డిసెంబరులో ఆ ప్రయోగాన్ని అర్ధాంతరంగా ఆపేశారు, మందు తీసుకున్నవాళ్లలో చావులు ఎక్కువయ్యాయి కాబట్టి. ఆ మందు రక్తపోటును, ఆల్డోస్టెరాన్ హార్మోన్‌ని కూడా పెంచేదని తర్వాత తేలింది. సరే, అది ఆ ఒక్క మందు దోషమేమో అనుకున్నారు. డాల్సెట్రాపిబ్ వచ్చింది, హెచ్‌డీఎల్ సుమారు 30 శాతం పెంచింది, ఫలితం సున్నా. ఎవాసెట్రాపిబ్ ఏకంగా రెట్టింపు కన్నా ఎక్కువ చేసింది, అయినా గుండెపోట్లు తగ్గలేదు. 2017లో అనాసెట్రాపిబ్ మాత్రం 30 వేల మందిలో గుండె సమస్యల్ని 9 శాతం తగ్గించింది. ఆ కాస్త లాభం కూడా ఎల్‌డీఎల్ వైపు తగ్గుదలకు సరిగ్గా సరిపోయింది, హెచ్‌డీఎల్ పెరిగినందుకు అదనంగా ఏమీ మిగల్లేదు. నయాసిన్ అనే విటమిన్ మాత్ర కథా ఇంతే. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రకి తోడుగా ఇస్తే అంకె పెరిగింది, ఉపకారం లేదు, పైగా షుగరు, ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి.

జన్యువులు చెప్పిన సాక్ష్యం ఇంకా కచ్చితమైనది. పుట్టుకతోనే హెచ్‌డీఎల్ ఎక్కువ ఉండే జన్యు మార్పు ఉన్నవాళ్లని పట్టుకుని, వాళ్లకి గుండెపోట్లు తక్కువా అని 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధన చూసింది. తక్కువ కాదు. మామూలు జనంతో సమానం. ఎల్‌డీఎల్ పెంచే జన్యువుల విషయంలో ఇలాంటి లెక్క వేస్తే ప్రతిసారీ గుండెపోటు ముప్పు పెరుగుతూనే కనిపిస్తుంది.

అంకెకీ పనికీ పొంతన ఎందుకు లేదు? షీలానగర్ నుంచి కాన్వెంట్ జంక్షన్ దాకా పోర్టు రోడ్డులో ఏదో ఒక క్షణాన నిలబడి లారీల్లో ఉన్న సరుకు లెక్కపెట్టారనుకోండి. ఆ రోజు ఎన్ని టన్నులు ఓడలకెక్కాయో దాన్నిబట్టి చెప్పగలరా? పని జోరుగా సాగినా రోడ్డు నిండా లారీలుంటాయి, పోర్టు గేటు మూసేసినా రోడ్డు నిండా లారీలుంటాయి. హెచ్‌డీఎల్ అంకె అలా ఆ క్షణాన రక్తంలో ఉన్న సరుకు లెక్క.

గేటు మూసుకుపోయిన మనుషులు నిజంగానే ఉన్నారు. కాలేయంలో కొలెస్ట్రాల్ దించుకునే ఎస్ఆర్-బీఐ గ్రాహకం పనిచేయని జన్యు మార్పును 2016లో వివరించారు. వీళ్లకి హెచ్‌డీఎల్ చాలా ఎక్కువ, అయినా గుండెజబ్బు ముప్పు తగ్గకపోగా పెరిగింది. డెన్మార్క్‌లో లక్ష మందికి పైగా జనాన్ని పరిశీలించి 2017లో వెలువరించిన లెక్కల్లో కూడా, హెచ్‌డీఎల్ మరీ ఎక్కువ ఉన్నవాళ్లలో మరణాలు పెరిగాయి. కాబట్టి 95, 100 వచ్చిందని పండగ చేసుకోవడానికి లేదు.

దీనికి సరిగ్గా తిరగేసిన ఉదాహరణ ఇటలీలో గార్డా సరస్సు ఒడ్డున లిమోనే అనే చిన్న ఊళ్లో దొరికింది. అక్కడి కొన్ని కుటుంబాల్లో ఎపోఏ-1 ప్రోటీన్ కాస్త మారిపోయి ఉంటుంది. పరిశోధన చేసిన నగరం పేరున దాన్ని ఎపోఏ-1 మిలానో అన్నారు. వీళ్ల హెచ్‌డీఎల్ చాలా తక్కువ, మన ల్యాబులైతే రెండు బాణాలు వేస్తాయి. అయినా దానికి తగ్గట్టు గుండెజబ్బులు కనపడలేదు. ఈ ప్రోటీన్‌ని తయారుచేసి 47 మంది మీద చేసిన చిన్న ప్రయోగంలో, వారానికోసారి చొప్పున ఐదు వారాల్లోనే పూడికలు కాస్త తగ్గాయని 2003లో ప్రకటిస్తే పెద్ద సంచలనమైంది. తర్వాత జాగ్రత్తగా మళ్లీ చేసిన ప్రయోగంలో ఆ ఫలితం రాలేదు. ఈ రంగంలో ఆశ పుట్టడం, చావడం అలవాటైన వ్యవహారం.

అంకె కనిపించకుండా దాచేది ఇంకొకటుంది, నాకు అన్నిటికన్నా నచ్చిన ఆధారం ఇదే. రక్తంలోని హెచ్‌డీఎల్ కొలెస్ట్రాల్‌లో అత్యధిక భాగం కాలేయం, చిన్నపేగు తమ సొంత ఏబీసీఏ1 ద్వారా ఇచ్చింది. ధమని గోడలోని నురగ కణాలు ఇచ్చేది లెక్కకు కూడా రానంత తక్కువ. ఎలుకల్లో కేవలం మాక్రోఫేజ్‌ల ఏబీసీఏ1ని తీసేసి చూస్తే రక్తంలో హెచ్‌డీఎల్ అంకె ఇంచుమించు కదల్లేదు, ధమనుల్లో పూడికలు మాత్రం పెరిగాయి. ప్రాణానికి సంబంధించిన ఆ చిన్న ప్రవాహం ఆగిపోయినా రిపోర్ట్‌కి తెలియదన్నమాట.

ఏబీసీఏ1 ఎంత అవసరమో చూపించింది కూడా ఒక మారుమూల ఊరే. అమెరికాలో వర్జీనియా రాష్ట్రానికి చెందిన టాంజియర్ అనే చిన్న దీవి, చేపలు, పీతలు పట్టుకుని బతికే జనం. 1960 ప్రాంతంలో అక్కడి ఒక చిన్న పిల్లాడి టాన్సిల్స్ నారింజ రంగులో ఉబ్బి కనపడ్డాయి. కోసి చూస్తే లోపల నురగ కణాలు, రక్తంలో హెచ్‌డీఎల్ దాదాపు లేదు. వాడి అక్కకీ అదే జబ్బు. మాక్రోఫేజ్‌లు ఎక్కువగా ఉండే చోటల్లా, అంటే టాన్సిల్స్, ప్లీహం, కాలేయంలో, కొలెస్ట్రాల్ కక్కడం చేతగాక నిలవ ఉండిపోయింది. 1999లో మూడు పరిశోధక బృందాలు దాదాపు ఒకేసారి చెడిన జన్యువును పట్టుకున్నాయి, అదే ఏబీసీఏ1. వింతేమిటంటే హెచ్‌డీఎల్ సున్నాకి దగ్గరగా ఉన్నా ఈ రోగులందరికీ చిన్న వయసులోనే గుండెపోటు రాదు. వాళ్లలో ఎల్‌డీఎల్ కూడా బాగా తక్కువ ఉండడం దానికొక కారణం.

మరి అసలు పనినే కొలవలేమా? కొలవచ్చు. ల్యాబ్‌లో పెంచిన మాక్రోఫేజ్‌లకు గుర్తు వేసిన కొలెస్ట్రాల్ తినిపించి, మనిషి రక్తంలోంచి తీసిన హెచ్‌డీఎల్‌ని వాటితో కలిపి ఉంచి, కొన్ని గంటల్లో ఎంత బయటికి లాగిందో చూస్తారు. అమెరికాలో డాలస్ నగరంలో రెండు వేల మందికి పైగా జనం మీద చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. లాగే సామర్థ్యం బాగా ఉన్నవాళ్లలో, అట్టడుగున ఉన్నవాళ్లతో పోలిస్తే, గుండెపోటు, పక్షవాతం లాంటివి 67 శాతం తక్కువ. హెచ్‌డీఎల్ అంకెను లెక్కలోంచి తీసేశాక కూడా ఆ తేడా నిలబడింది. పరీక్ష బతికున్న కణాలతో చేయాలి కాబట్టి పరిశోధనశాలలకే పరిమితం, మన వైజాగ్ ల్యాబుల ప్యాకేజీల్లో దొరికేది కాదు.

ఆ సామర్థ్యాన్నే మందుగా ఎక్కిద్దామని ఇంకో ప్రయత్నం జరిగింది. మనుషుల ప్లాస్మా నుంచి తీసిన ఎపోఏ-1తో తయారైన సీఎస్ఎల్112ని, అప్పుడే గుండెపోటు వచ్చిన 18 వేల మందికి పైగా రోగుల్లో సగం మందికి వారానికొకటి చొప్పున నాలుగు సెలైన్లుగా ఎక్కించారు. కొలెస్ట్రాల్ లాగే సామర్థ్యం బాగా పెరిగింది. 2024లో వచ్చిన ఫలితం: 90 రోజుల్లో మందు తీసుకున్నవాళ్లలో 4.8 శాతం మందికి, తీసుకోనివాళ్లలో 5.2 శాతం మందికి మళ్లీ గుండెపోటో, పక్షవాతమో, గుండెజబ్బుతో మరణమో. ఆ తేడా గణాంకాల గీటురాయి దాటలేదు. ఏళ్ల తరబడి కట్టుకున్న పూడికకి నాలుగు వారాల మందు చాలదేమో అని నా అనుమానం. దాన్ని తేల్చేది ఇంకో ప్రయోగమే.

రాకను తగ్గిస్తే పోక దానంతట అదే

నిరుత్సాహపడక్కర్లేదు. పోకను పెంచడం చేతగాలేదు గానీ రాకను తగ్గించడం బాగా చేతనయింది. పూడికలున్న ఎలుక ధమనిని కోసి, ఎల్‌డీఎల్ తక్కువ ఉన్న ఇంకో ఎలుకకి అతికిస్తే, నురగ కణాలు త్వరలోనే తగ్గడం మొదలవుతుంది. కొన్ని కణాలు కొలెస్ట్రాల్ కక్కి చిక్కిపోతాయి, కొన్ని ధమనిని వదిలి వెళ్లిపోతాయి. కొత్త సరుకు రాకపోతే, ఉన్న ఏబీసీఏ1, ఉన్న ఎపోఏ-1తోనే ఒళ్లు శుభ్రం చేసుకోగలదన్నమాట.

మనుషుల్లో ఇంత వేగం లేదు గానీ దిశ అదే. 2016లో వచ్చిన గ్లాగోవ్ ప్రయోగంలో, స్టాటిన్ మీద ఉన్న రోగులకు ఎవోలోక్యుమాబ్ ఇంజెక్షన్ కలిపి ఎల్‌డీఎల్‌ని సగటున 37 దగ్గరకి దించారు. ఏడాదిన్నరకి గుండె ధమనుల్లోపల అల్ట్రాసౌండ్‌తో కొలిస్తే పూడిక పరిమాణం 0.95 శాతం తగ్గింది. ఎల్‌డీఎల్ 93 దగ్గర ఉండిపోయినవాళ్లలో తగ్గలేదు. ఒక శాతం అంటే నవ్వొస్తుంది. కానీ పెరుగుతూ పోవాల్సింది వెనక్కి తగ్గింది, అదీగాక లోపలి కొవ్వు కరిగి మీది పొర గట్టిపడితే పగిలి గుండెపోటు తెచ్చే అవకాశం తగ్గుతుంది. యూట్యూబ్‌లో వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం కషాయం తాగితే బ్లాకులు కడిగేసినట్టు పోతాయని చెప్పేవాళ్లు ఈ ఒక్క శాతం కోసం ఎంత కష్టపడాలో చూస్తే బాగుణ్ను.

మనవాళ్ల రిపోర్టుల్లో హెచ్‌డీఎల్ దగ్గర బాణం ఎందుకంత మామూలు? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నాలుగు ప్రాంతాల్లో చేయించి 2014లో వెలువరించిన అధ్యయనంలో 72.3 శాతం మందికి హెచ్‌డీఎల్ తక్కువ తేలింది. ఆంధ్రప్రదేశ్ అందులో లేదు గానీ, మన కంచంలో ఏముంటుందో మనకు తెలుసు. తెల్లన్నం, మైదా, తీపి ఎక్కువై, పొట్ట పెరిగి, నడక తగ్గితే కాలేయం ట్రైగ్లిజరైడ్లను దండిగా వదులుతుంది. ఇందాకటి సీఈటీపీ వాటిని తెచ్చి హెచ్‌డీఎల్‌లో నింపుతుంది. అలా నిండిన హెచ్‌డీఎల్‌ని ఎంజైములు కొరికేస్తాయి, విడిపోయిన ఎపోఏ-1ని మూత్రపిండాలు లాగేస్తాయి. హెచ్‌డీఎల్ పడిపోతుంది. ఈ క్రమంలో తక్కువ హెచ్‌డీఎల్ అనేది జబ్బుకి కారణం కన్నా గుర్తు. మావయ్యకి అందుకే చెప్పాను, 36ని పెంచే తిండి వెతకొద్దు, 210ని దించే పని చూడు అని. రెండు పూటలా అన్నం తగ్గించి ఒక పూట చోడి అంబలో, కూరగాయలో ఎక్కువ తిని, రోజూ నడిస్తే ట్రైగ్లిజరైడ్లు దిగుతాయి, హెచ్‌డీఎల్ కాస్త తనే లేస్తుంది. నడక ఒక్కటే పెంచేది రెండు మూడు పాయింట్లే, అయినా నడకతో వచ్చే మేలు ఆ పాయింట్ల కన్నా చాలా పెద్దది. చుట్టలు, సిగరెట్లు మానేస్తే కూడా పెరుగుతుంది. మందు కొడితే హెచ్‌డీఎల్ పెరుగుతుందనే మాట నిజమే, కానీ ట్రైగ్లిజరైడ్లు, బీపీ కూడా పెరుగుతాయి. ఆ అంకెను చూపించి సీసా తెచ్చుకునేవాళ్లకి పైన చెప్పిన మందుల కథ మళ్లీ చదవమని చెప్పాలి.

నూనెల గురించి వాదనలు జాతర. హార్బర్‌లో దొరికే కవళ్లు, కానాగంతలు లాంటి చేపలు ఇగురు పెట్టుకుంటే మేలే. మాడిన నూనెలో మళ్లీ మళ్లీ వేయించిన బజ్జీలు, డాల్డా కీడే. ట్రాన్స్ కొవ్వు ఎల్‌డీఎల్‌ని పెంచి హెచ్‌డీఎల్‌ని తగ్గిస్తుంది కాబట్టి, 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెల్లో, కొవ్వుల్లో దాన్ని 2 శాతానికి పరిమితం చేశారు.

ఇక మందులు. స్టాటిన్ కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది. కొరత పడిన కాలేయం ఎల్‌డీఎల్ గ్రాహకాలు పెంచుకుని రక్తంలోంచి లాక్కుంటుంది. కేజీహెచ్ లాంటి సర్కారీ ఆసుపత్రి ఓపీలో అయినా, సిరిపురంలో ప్రైవేటు క్లినిక్‌లో అయినా డాక్టర్లకి తరచూ తగిలే పేషెంట్ ఒకరున్నారు: రిపోర్ట్ నార్మల్ వచ్చేసిందని మాత్ర ఆపేసిన మనిషి. నార్మల్ వచ్చింది మాత్ర వల్ల. ఆపిన కొన్ని వారాల్లో గ్రాహకాలు తగ్గి, ఎల్‌డీఎల్ మళ్లీ మొదటికొస్తుంది. ఒంటినొప్పులు లాంటి ఇబ్బందులుంటే డాక్టరుతో చెప్పి మోతాదు, మందు మార్చుకోవచ్చు, సొంతంగా ఆపకూడదు.

ఎంతకు దించాలి? కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మామూలు జనానికి ఎల్‌డీఎల్ 100 లోపు, షుగరు, బీపీ లాంటివి ఉండి ముప్పు ఎక్కువైనవాళ్లకి 70 లోపు, గుండెపోటు వచ్చినవాళ్లకి, స్టెంట్ పడినవాళ్లకి 55 లోపు. ల్యాబ్ కాగితం మీద 130 దాకా నార్మల్ అని ఉన్నా సరే. ఎల్‌డీఎల్ లాంటిదే అయిన లైపోప్రోటీన్-ఏ అనే రేణువును కొలిచే ఇంకో పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించమని కూడా అందులోనే ఉంది. అది దాదాపు పూర్తిగా వంశపారంపర్యం, తిండితో మారేది కాదు.

హెచ్‌డీఎల్ అంకెకి మిగిలిన మంచి ఉపయోగం తీసివేత. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ని తీసేస్తే ధమని గోడలోకి చొరబడగల రేణువులన్నిటిలోని కొలెస్ట్రాల్ ఒకే లెక్కలో వస్తుంది. మొత్తం 200, హెచ్‌డీఎల్ 40 అయితే 160. ఇది మామూలు వాళ్లకి 130 లోపు, స్టెంట్ పడినవాళ్లకి 85 లోపు ఉండాలి. దీనికోసం పరగడుపున ల్యాబ్‌కి పరిగెత్తనక్కర్లేదు, ఇడ్లీ తిని వెళ్లినా తేడా పెద్దగా రాదు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే చాలా ల్యాబులు సూత్రంతో లెక్కకట్టే ఎల్‌డీఎల్ తప్పుతుంది. ఈ తీసివేత లెక్క మాత్రం అప్పుడు కూడా సరిగ్గానే వస్తుంది.